పియానో అవ్వకు ఈకలు

పియానో శ్రుతి చేసే పని నేర్చుకుంటామని ఈ మధ్య ముగ్గురు పిల్లలు కడపలో మా ఇంటికి వచ్చారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "ఫోన్‌లో యాప్ ఉంది కదా తాతా, ఇంక చెవి ఎందుకు?"

మంచి ప్రశ్నే. యాప్ వాడండి. నా కాలంలో ఉంటే నేనూ వాడేవాణ్ణి, ముఖ్యంగా జలుబు చేసిన రోజుల్లో. ఈ పనిలో అసలు కష్టం చెవితో కాదు, మనుషులతో. పియానో ఉన్న ప్రతి ఇంట్లోనూ సరిగ్గా మనం వెళ్లినప్పుడే మొరిగే కుక్క ఒకటి ఉంటుంది, వంటింట్లో మిక్సీ ఉంటుంది, పావుగంటకోసారి తలుపు దగ్గరికి వచ్చి "ఇంకా ఎంతసేపు?" అనే మనిషి ఒకరు ఉంటారు. కువైట్‌లో నేను పనిచేసిన ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లలో భుజాన తుపాకీ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఏం జవాబు చెప్పాలో ఏ యాప్‌లోనూ ఉండదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు ఓబులేసు. మాది రాజంపేట దగ్గర పల్లె. మా చిన్నాయన నాటకాలవాళ్ల హార్మోనియంలు బాగుచేసేవాడు. ఆయన దగ్గర కూర్చుని, ఇత్తడి రేకును మొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుందని, మొదట్లో గీకితే తగ్గుతుందని పదేళ్లకే నేర్చుకున్నాను. కువైట్ సిటీలో వాద్యాల దుకాణంలో ఊడ్చే పనికి వెళ్లాను. ఒకరోజు పియానో తుడుస్తూ ఒక మెట్టు నొక్కుకుపోతే నా మొహం దానంతటదే ముడుచుకుంది. అది దుకాణంలో పెద్ద పనివాడు, తర్వాత నాకు గురువైన మా ఉస్తాద్, చూశాడు.

"ఏమైంది?" అన్నాడు.

"ఇది ఏడుస్తోంది" అన్నాను నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో.

మర్నాడు చీపురు వేరేవాడి చేతికి పోయి, శ్రుతి బిగించే రెంచీ నా చేతికి వచ్చింది. నా ఉద్యోగోన్నతుల చరిత్ర అంతటితో సమాప్తం. ఇక పనిలోకి వెళ్దాం.

ఏడు తీగలు తెంపిన రోజు

ఉస్తాద్ సలీం పాలస్తీనా మనిషి, అరవై దాటినవాడు. ఎప్పుడూ తిట్టడు. తప్పు చేస్తే కూర్చోబెట్టి టీ ఇస్తాడు. ఆ టీ ఎంత తియ్యగా ఉంటే తప్పు అంత పెద్దదని లెక్క. మొదటి ఏడాదిలోనే నాకు తీపంటే భయం పట్టుకుంది.

ఆయనకు నడుము పట్టేసిన ఒకరోజు నన్ను ఒంటరిగా రుమైథియా అనే పేటలో ఒక ఇంటికి పంపాడు. ఆ ఇంటావిడ యాభై దాటిన వితంతువు, కువైటీ. చిన్నప్పుడు యూరప్‌లో సంగీతం చదువుకుంది. ఇంట్లో పనిచేసే మన రత్నకుమారి ఆమెను మామా అని, అంటే అరబ్బీలో అమ్మా అని, పిలిచేది, నాకూ అదే పిలుపు అలవాటైంది. పైన హాల్లో నల్లటి గ్రాండ్ పియానో ఉండేది. కింద సిర్దాబ్‌లో, అంటే నేలమాళిగలో, హార్ప్సికార్డ్ అనే మరో పెట్టె ఉండేది.

ఈ రెండో పెట్టె సంగతి తెలియాలి మీకు. పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్ పియానో కంటే ముందు పుట్టింది, దాంట్లో సుత్తి లేదు. ప్రతి మెట్టు చివర సన్నని చెక్కపుల్ల, ఆ పుల్లకు పక్కగా గుచ్చిన పక్షి ఈక ముక్క. మెట్టు నొక్కితే పుల్ల లేస్తుంది, ఈక తీగను మీటుతుంది. వీణ మీటినట్టే, కాకపోతే వేలికి బదులు పక్షి.

నా ట్యూనింగ్ ఫోర్క్, అదే శ్రుతిదండం, పెట్టి చూస్తే ఆ పెట్టె మొత్తం అర స్వరం కిందికి దిగి ఉంది. అయ్యో, ఎన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదో అనుకుని, మంచి మనసుతో పైకి లాగడం మొదలుపెట్టాను. ఆరు తీగలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. అప్పుడైనా ఆగాలా? ఏడోది తెగి నా గడ్డం చీరింది.

రత్న పరుగున వచ్చింది. రాజోలు వైపు మనిషి, చర్చి కొయిర్‌లో పాడేది. కంగారు వస్తే ఆమె మాట ఇంకా పైస్థాయికి వెళ్లేది.

"ఏంటండీ అన్నయ్యా ఈ రగతం! ఆ పెట్టె కరిసేత్తాదా ఏంటి?"

"కరవలేదమ్మా, కొట్టింది" అన్నాను.

మామా వచ్చి తెగిన తీగల్ని చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఈ పెట్టె వాయించే పాత సంగీతానికి శ్రుతి తక్కువే ఉంటుంది. ఏ శ్రుతిలో ఉండాలనుందో దాన్ని అడిగావా?" అంది.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఇచ్చిన టీ నేను తాగలేకపోయాను. చెంచా నిలబడేంత తీపి. నలభై ఏళ్ల తర్వాత కూడా నేను మీకు చెప్పగలిగింది అదే: వదులుగా ఉన్నదంతా పాడైంది కాదు. బిగించే ముందు కనుక్కోండి. మొగమాటం లేకుండా అడగండి. అడగడం వల్ల ఎవరి గడ్డమూ చీరుకోలేదు.

మామా మాత్రం నన్ను మార్చమని అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్లు ఆ రెండు పెట్టెలూ నా చేతిలోనే ఉన్నాయి. ఏటా అక్టోబరులో ఆ సిర్దాబ్‌లో ఒక కచేరీ జరిగేది. మూడు వందల ఏళ్ల కిందటి ఒపేరా పాటలు, వాటితో పాటు నలుగురు కలిసి వాయించే చిన్న మేళం. ఒకే మాటను ఇరవై రకాలుగా తిప్పి, సాగదీసి, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలియకుండా పాడేవాళ్లు. నాటకాల్లో పద్యం చివర మావాళ్లు తీసే రాగం విని పెరిగిన చెవి నాది కాబట్టి, భాష తెలియకపోయినా అది పరాయిగా అనిపించలేదు.

నేను ప్లంబర్ అయిన విధం

తొంభై ఆగస్టు రెండు తెల్లవారి పెద్ద చప్పుడు వినబడితే, ఎవరో ఇనుప గొట్టాల లారీ దించుతున్నారనుకున్నాను. దుకాణం వెనక గదిలో నా మకాం. బయటికి వచ్చి చూస్తే వీధిలో ఇరాక్ ట్యాంకు ఉంది. ఉస్తాద్ అప్పుడు అమ్మాన్‌లో కూతురి దగ్గర ఉన్నాడు. దుకాణానికి దిక్కు నేనే.

మూడో రోజు సైనికులు లోపలికి వచ్చారు. గిటార్లు, కీబోర్డులు, డ్రమ్ములు, ఏది చేతికందితే అది. ఒకడు పెద్ద ఇత్తడి బాకాను తలకు తగిలించుకుని మిగతావాళ్లను నవ్వించాడు. ఇంకొకడు నా సంచి తెరిచాడు. రెంచీ, ఉన్నిగుడ్డ ముక్కలు, రెండు కొమ్ముల శ్రుతిదండం.

"ప్లంబర్‌వా?" అన్నాడు.

"అవును" అన్నాను. సంచి వదిలేశాడు.

మన దేశంవాళ్లు గుంపులుగా బస్సులెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లిపోసాగారు. నేనూ బట్టలు సర్దుకున్నాను. ఇంతలో దుకాణం ఫోను మోగింది. ఊళ్లోని ఫోన్లు ఇంకా పనిచేస్తున్నాయి.

"అన్నయ్యా, నేనండి రత్నాన్ని. మామా మిమ్మల్ని రమ్మంటన్నారండి. కింద పెట్టె మూగబోయిందంట."

"ఊరే మూగబోయింది గదమ్మా రత్నా. ఇప్పుడు పెట్టె యాల?"

"అది ఫోన్లో చెప్పేది కాదండి. ఒక్కసారి రండి, దణ్ణం పెడతాను."

వెళ్లి చెప్పి వచ్చేద్దామని వెళ్లాను. సిర్దాబ్‌లో మంచం మీద ఎలీస్ మేడమ్ కూర్చుని ఉంది. ఇంగ్లీషావిడ, బళ్లో సంగీతం టీచరు. ప్రతి అక్టోబరు కచేరీలో పాడేది ఆమే. పశ్చిమ దేశాలవాళ్లంతా వచ్చి లొంగిపోవాలని సైన్యం ఆజ్ఞ వేసింది. దొరికినవాళ్లను తీసుకెళ్లి కర్మాగారాల్లోనూ స్థావరాల్లోనూ బాంబులు పడకుండా అడ్డుగా ఉంచుతున్నారు. దాచినవాళ్లకు మరణశిక్ష. మామా ఆమెను దాచింది.

వారాల తరబడి గుసగుసగా తప్ప మాట్లాడకూడదు కదా, క్రమంగా ఆమె గుసగుస కూడా మానేసింది. తల ఊపడమే.

"అన్నం తినరండి, మాట్టాడరండి" అంది రత్న. "నిన్న నేను చిన్నగా ఓ పాట పాడితే గోడకేసి తిరిగి పడుకున్నారు. నా పాట అంత దరిద్రంగా ఉందా అని నాకు బాధేసిందండి. తీరా చూత్తే ఏడుత్తన్నారు."

మామా నన్ను పక్కకు పిలిచింది. "ఏటా అక్టోబరులో మా ఇంట్లో కచేరీ జరుగుతుంది. ఈ ఏడూ జరుగుతుంది. పాడకపోతే ఈమె మనకు దక్కదు."

"వీధిలో సైన్యం ఉంది మామా."

"వాళ్లను నేను పిలవలేదు" అంది.

నా బస్సులో చోటు రాయచోటి మనిషి ఒకాయనకు ఇచ్చేశాను. ధైర్యంతో ఉండిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజం వేరే. హార్ప్సికార్డ్ మూత తీసి చూశాను. ఏసీ చెడిపోయి, ఆగస్టు, సెప్టెంబరు ఎండలకు లోపలి ఈకలు ఎండి పెళుసెక్కాయి. ముప్పైకి పైగా విరిగిపోయాయి. ఆ స్థితిలో దాన్ని వదిలేసి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. ఇది మంచి గుణమని నేను అనడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు పట్టే జబ్బు ఇది. ఇప్పటినుంచే కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఈకల దొంగ

దుకాణంలో మంచి ఈకల పొట్లం ఒకటి ఉండేది. దాన్ని దాచిన వయొలిన్ పెట్టెతో సహా ఎత్తుకుపోయారు. కోడి ఈకలు పెట్టి చూశాను. రెండు మీటులకు వంగిపోయాయి. కాకి ఈక శ్రేష్ఠం, కానీ నాకు కాకులు దొరకలేదు. ఇక మిగిలింది సముద్రపు పక్షులు.

రుమైథియా నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరమే. ఒడ్డంతా కందకాలు తవ్వి ముళ్లతీగ వేశారు. తీగకు ఇవతల, రోడ్డు అంచున, గాలికి కొట్టుకొచ్చిన ఈకలు అక్కడక్కడ ఉన్నాయి. వంగి వంగి ఏరుతూ సంచిలో వేసుకుంటున్నాను. తల ఎత్తేసరికి ఎదురుగా రెండు బూట్లు ఉన్నాయి.

ఇరాక్ సైనికుడు. కుర్రవాడు కాదు, నెరిసిన మీసం. "సంచిలో ఏముంది?"

"ఈకలు."

అతను సంచి విప్పి చూశాడు. చేయి లోపల పెట్టి అడుగుదాకా వెతికాడు. ఈకలే. నా మొహం చూశాడు. మళ్లీ ఈకలు చూశాడు.

"ఈ ఊళ్లో జనం టీవీలు ఎత్తుకుపోతున్నారు, కార్లు ఎత్తుకుపోతున్నారు. నువ్వు ఈకలు ఎత్తుకుపోతున్నావా?"

"పని ఉంది."

"ఏం పని?"

హార్ప్సికార్డ్‌కు అరబ్బీలో ఏమంటారో నాకు అప్పటికి తెలియదు. పియానోను మాత్రం వాళ్లు బియానో అంటారు. భయంలో నోటికొచ్చింది చెప్పాను: "బియానో ఉంది కదా, దాని అవ్వ. ముసలి బియానో. దానికి ఈకలు కావాలి."

"బియానోకి అవ్వ" అన్నాడు.

"అవును."

"ఆమెకు ఈకలు కావాలి."

"ముప్పై."

అతను కందకంలో ఉన్న తోటివాణ్ణి కేకేసి పిలిచి, నా చేత మళ్లీ చెప్పించాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక మొదటివాడు కూర్చుని నా సంచిలోంచి ఈకలు ఒక్కొక్కటీ తీసి ఎండకు పెట్టి చూడడం మొదలుపెట్టాడు. బస్రాలో వాళ్ల డాబా మీద పావురాలు పెంచేవాడట.

"ఇది పనికిరాదు. ఇది పొట్ట కింది ఈక, దూదిలాంటిది. ఇది చచ్చిన పక్షిది, విరుగుతుంది. రెక్క అంచున ఉండే పొడుగు ఈకలు తీసుకోవాలి, అవి గట్టివి. మీ అవ్వకు ఎవరూ చెప్పలేదా?"

తీగకు అవతల తడి ఇసుక మీద అలాంటివి బోలెడు ఉన్నాయి. నేను అటు అడుగు వేయబోతే అతను నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. అక్కడ మందుపాతరలు ఉన్నాయి. దారి తెలిసింది వాళ్లకే. అతనే బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, గీసిన దారిలో నడిచినట్టు ఆచితూచి వెళ్లి గుప్పెడు ఈకలు తెచ్చి ఇచ్చాడు.

"యల్లా, పో. ఇంకోసారి ఇటు రాకు. నా తర్వాత డ్యూటీకి వచ్చేవాడికి పక్షులంటే తెలియదు."

అతని పేరు అడగలేదు. అడగాల్సింది.

వారం రోజులు ఆ ఈకలు ఆలివ్ నూనెలో నానబెట్టి, సన్నగా చెక్కి, పుల్లలకు గుచ్చాను. కొంచెం పొడుగైతే తీగ గీరుకుంటుంది, పొట్టయితే పలకదు. కత్తి పట్టుకునే ఆ పనిలో రత్న చేయి నా చేతికంటే నిదానం. "చేప ముళ్లు తీసినట్టే కదండీ" అంటూ సగం ఆమే చెక్కింది. ఎలీస్ మేడమ్ మంచం మీంచి చూస్తూ ఉండేది. ఐదో రోజు లేచి వచ్చి, మాట్లాడకుండా ఒక చిన్న కత్తి తీసుకుని మా పక్కన కూర్చుంది.

మెట్టు మీద మెట్టు

కచేరీ రోజు మధ్యాహ్నం నాలుగింటికి పెట్టారు. ఆ వేళ సైనికుల గస్తీ తక్కువ. వినడానికి ఆ సందులోని ఆడవాళ్లు ఏడుగురు, ఒక ముసలాయన. వాయించడానికి మామా కాక, గోవాకు చెందిన వయొలిన్ మాస్టారు ఒకరు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే పోలండ్ ఇంజినీరు ఒకరు. సిర్దాబ్ గోడలకూ తలుపుకూ ఇంట్లోని పరుపులన్నీ బిగించాం. అయినా పాట అంటే పాటే. వీధిలోకి ఏదో ఒకటి వినబడుతుంది. దాన్ని కప్పడం ఎలా?

"టీవీ పెద్దగా పెడదాం" అంది మామా.

"టీవీ వింటే లోపలికొచ్చి ఎత్తుకుపోతారు మామా" అన్నాను. అప్పుడు నాకు తట్టింది. లోకంలో ఎవరూ ఆగి వినని సంగీత ధ్వని ఒకటుంది. అది పియానో శ్రుతి చేసేటప్పుడు వచ్చే చప్పుడు. టంగ్, టంగ్, టంగ్, ఒకే మెట్టు, నలభై సార్లు. మొగుడూ పెళ్లాలూ పోట్లాట ఆపేసి బయటికి వెళ్లిపోతారు. నేను పైన హాల్లో పియానో దగ్గర కూర్చుని రెండు గంటలు అదే చేస్తాను. ఎవరైనా వస్తే అన్నిటికన్నా కింది మెట్టు మూడుసార్లు గట్టిగా కొడతాను, అది వినగానే కిందివాళ్లు ఆపేయాలి. అదీ ఏర్పాటు.

నాలుగుంబావుకు మొదలుపెట్టాం. కింద ఏం జరుగుతోందో నాకు తెలియదు. టంగ్, టంగ్. రత్న కిటికీ దగ్గర కాపలా.

అరగంటకు ఆమె మొహం తెల్లబడింది. "అన్నయ్యా, జీపు. మనింటికేనండి."

కింది మెట్టు మూడుసార్లు కొట్టాను. మళ్లీ మూడుసార్లు కొట్టాను. కిందివాళ్లకు వినబడలేదు. పరుపులు అంత బాగా బిగించాం మరి. తలుపు బాదారు. రత్న తెరిచింది. ఒక కెప్టెన్, వెనక ఇద్దరు సైనికులు.

"ఇంటావిడ ఏది?"

"తలనొప్పండి, పడుకున్నారు" అంది రత్న అరబ్బీలో, నావైపు చూపిస్తూ. "ఇతని వల్లే."

కెప్టెన్ పియానో చుట్టూ తిరిగాడు. మంచి దుస్తులు, మర్యాదైన మనిషి. బాగ్దాద్‌లో వాళ్ల అమ్మాయి పియానో నేర్చుకుంటోందట. ఈ ఇంట్లో పియానో ఉందని విని చూడ్డానికి వచ్చాడట. చూడ్డానికి అంటే తీసుకుపోవడానికి.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, గది మూల ఏసీ గొట్టం రంధ్రంలోంచి, పల్చగా ఒక ఆడగొంతు పైకి లేచింది. పైస్థాయిలో ఒకే స్వరం పట్టుకుని నిలబడింది. పరుపులు వేసిన మేం గొట్టం సంగతి మరిచిపోయాం.

కెప్టెన్ తల ఎత్తాడు. "ఏంటది?"

రత్న నావైపు చూసింది. నేను, ఇప్పటికీ నమ్మలేను, నవ్వుమొహంతో జవాబిచ్చాను.

"పియానో సార్. మంచి పియానో అయితే కొట్టకపోయినా పాడుతుంది. చూపిస్తానుండండి."

ఇది పూర్తిగా అబద్ధం కాదు. కుడి కాలి కింది పెడలు తొక్కిపెడితే తీగలన్నీ స్వేచ్ఛగా ఉంటాయి. అప్పుడు లోపలికి మొహం పెట్టి అరిస్తే, మన గొంతులో ఉన్న స్వరాలకు సరిపోయే తీగలు వాటంతటవే మోగి, మన కేక మనకు తిరిగొస్తుంది. పెడలు తొక్కాను. తల లోపల పెట్టి "ఓ..." అన్నాను. పియానో "ఓ..." అంది.

కెప్టెన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు. "మళ్లీ."

"మీరే అనండి సార్. గట్టిగా అనాలి."

అతను టోపీ తీసి పక్కన పెట్టి, లోపలికి వంగి "ఆ..." అన్నాడు. పియానో అతని గొంతుతోనే జవాబిచ్చింది. అతని మొహం చూడాల్సింది. తిరనాళ్లలో మొదటిసారి రంగులరాట్నం చూసిన పిల్లాడి మొహం. సైనికుల్ని పిలిచాడు. ముగ్గురూ నల్లటి పెట్టెలో తలలు దూర్చి, వంతులవారీగా కేకలు పెట్టారు. ఒకడు వాళ్లమ్మ పేరు అరిచాడు. ఇంకొకడు కూనిరాగం తీశాడు. కింద మూడు వందల ఏళ్ల నాటి ఒపేరా, పైన ఈ గావుకేకలు, మధ్యలో పెడలు మీద కాలు నొక్కిపెట్టి నేను. రత్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమె ప్రార్థన చేస్తోందనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నానని తర్వాత చెప్పింది.

కాసేపటికి కెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు. "ఖలాస్. నాకు ఇదే కావాలి. లారీ పిలుస్తాను."

"శ్రుతి సగంలో ఉంది సార్. ఇప్పుడు కదిపితే తీగలు తెగుతాయి. ఒక గంట ఇవ్వండి" అన్నాను. ఈ ముక్క మాత్రం పూర్తి అబద్ధం.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, గంటసేపు ఉంటానన్నట్టు. నేను పని మొదలుపెట్టాను. టంగ్, టంగ్, టంగ్. పదకొండు నిమిషాలు ఓర్చుకున్నాడు. మంచి ఓపిక అనే చెప్పాలి. తర్వాత నుదురు పట్టుకుని, లారీతో వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

రత్న కిందికి పరుగెత్తింది. నేను పియానో వదల్లేదు. ఆపితే అనుమానం కదా. పైగా పై స్వరాలు నిజంగానే దిగి ఉన్నాయి.

గంటన్నరకు లారీ వచ్చింది. కచేరీ అప్పటికి అయిపోయింది, వచ్చినవాళ్లంతా సిర్దాబ్‌లో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మామా పైకి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడేళ్ల వయసులో ఆమె స్వరాలు నేర్చుకున్నది ఆ పియానో మీదే. సైనికులు దాని కాళ్లు ఊడదీయకుండానే ఎత్తబోయారు. నేను ఆగలేకపోయాను. వాళ్లను ఆపి, కాళ్లు ఊడదీయించి, దుప్పట్లు చుట్టించి, పక్కకు నిలబెట్టి ఎలా మోయాలో దగ్గరుండి చూపించాను. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టవద్దని కెప్టెన్‌కు చెప్పాను. అతను బుద్ధిగా రాసుకున్నాడు. నా పని నచ్చి, గస్తీలవాళ్లు నన్ను ఆపకుండా ఒక చీటీ కూడా రాసిచ్చాడు.

దొంగలకు సాయం చేశావా అని నన్ను చాలామంది అడిగారు. చేశాను. పియానోకు చేశాననుకుంటాను, కానీ చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయి. అది తప్పో కాదో తేల్చుకోలేదు. మీకు అలాంటి రోజు రాకూడదని కోరుకుంటున్నాను.

ఆ సాయంత్రం

ఎవరేమయ్యారో చెప్పేస్తాను. డిసెంబరులో ఇరాక్ పశ్చిమ దేశాలవాళ్లందరినీ వదిలినప్పుడు ఎలీస్ మేడమ్ క్షేమంగా వాళ్ల దేశం వెళ్లిపోయింది. అప్పటిదాకా కెప్టెన్ ఇచ్చిన చీటీ చూపించి ఆ ఇంటికి రొట్టెలూ మందులూ మోసింది నేనే. పియానో ఏ ఊరు చేరిందో తెలియదు. ఉస్తాద్ సలీం అమ్మాన్ నుంచి తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక పాలస్తీనావాళ్లను రానివ్వలేదు. నాకు పియానో పని నేర్పిన ఒకే ఒక్క మనిషిని మళ్లీ చూడలేకపోయాను. రత్న కొడుకు పెళ్లికి ఊరెళ్లి అక్కడే ఉండిపోయింది. మామా ఇంట్లో హార్ప్సికార్డ్‌ను నేను రిటైరయ్యేదాకా నేనే చూశాను.

ఇక ఆ సాయంత్రం సంగతి. లారీ చప్పుడు దూరమయ్యాక సిర్దాబ్‌లోకి దిగాను. అందరూ ఏడ్చిన మొహాలతో ఉన్నారు. ఎలీస్ మేడమ్ నా దగ్గరికి వచ్చింది.

"నువ్వొక్కడివే వినలేదు" అంది. ఆగస్టు తర్వాత ఆమె మామూలు గొంతుతో మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మామా హార్ప్సికార్డ్ ముందు కూర్చుంది. మేడమ్ సగం గొంతుతో ఒక పాట ఎత్తుకుంది.

నాకు ఒక్క ముక్క వినబడలేదు. మధ్యస్థాయిలో ఒక తీగ రవ్వంత దిగింది. అన్ని దేహాలు గదిలో చేరి వేడి పెరిగితే దిగదా మరి. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా నా పళ్లు జివ్వుమన్నాయి. అది దాటిపోగానే, మళ్లీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. పాట అయిపోయింది. అందరూ నావైపు తిరిగారు.

"ఎలా ఉంది?" అంది మేడమ్.

"ఒక తీగ దిగింది మేడమ్" అన్నాను. "రెండు నిమిషాలు ఇవ్వండి."

నేను అప్పటికే రెంచీ తీసి లేచాను. ఎలీస్ మేడమ్ నవ్వింది. ఆ పరుపులు లేకపోతే వీధి చివరిదాకా వినబడేంత నవ్వు. ఆమె నోరు మూయడానికి పరుగెత్తిన రత్న, సగం దారిలో తనే నవ్వుతూ నేల మీద కూలబడింది.

నేను తీగ బిగించాను. మామా ఆ మెట్టు ఒకసారి నొక్కి, విని, తల ఊపింది. మేడమ్ గుక్కెడు నీళ్లు తాగి పాట మొదటి నుంచి ఎత్తుకుంది.

ఈసారి విన్నాను.